నామినీ ఫారంలో ‘సంబంధం’ గడి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో స్వలింగ జంటలను సమాజం ఆదరిస్తోందంటూ వచ్చిన కథనం చదివాను. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు రావడంతోనే పని అయిపోయినట్టు రాశారు. పైగా కథనం నిండా ‘సంపర్కులు’ అన్న మాటే. గౌరవంగా పిలవడానికి తమిళనాడు ప్రభుత్వం 2022లో పదాల పట్టికే ప్రకటించింది. చెన్నైలో అచ్చయ్యే తెలుగు పత్రికకు ఆ పాటి శ్రద్ధ ఉండొద్దా?

ఆదరణ ఎంతో తెలియాలంటే బ్యాంకులో నామినీ ఫారం అడిగి చూడండి. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. నిజానికి అంతకుముందూ అడ్డు లేదు. నామినీ కోసం బ్యాంకులు ఏళ్ల తరబడి వాడిన డి.ఎ.1 ఫారంలో సంబంధం గడి మీద ‘డిపాజిటరుతో సంబంధం, ఉంటే’ అనే ఉంది. బంధువు కాకపోయినా పర్వాలేదని ఆ ‘ఉంటే’కి అర్థం. కౌంటర్లో మాత్రం ‘అన్నా, తమ్ముడా, ఏమవుతాడు?’ అని పదిమంది వింటుండగా నిలదీస్తారు. సిగ్గుతో చితికిపోయి వెనక్కి వచ్చేసేవాళ్లే ఎక్కువ.

నామినీ పేరు ఎక్కినా సరిపోదు. నామినీ డబ్బు అందుకునే మనిషే, హక్కు వారసులది. 2023 అక్టోబరు 17 సుప్రీంకోర్టు తీర్పులో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు దక్కలేదు గనుక హిందూ వారసత్వ చట్టంలో భాగస్వామికి చోటు లేదు. ఇరవై ఏళ్లు కలిసి బతికినా, పలకరింపే లేని అన్నదమ్ములు వచ్చి ఇంటికి తాళం వేసుకోవచ్చు. అందుకే వీలునామా రాసి ఉంచాలి. తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రాసినవారు సంతకం చేస్తుంటే ఇద్దరు సాక్షులు చూసి, వాళ్లూ సంతకం పెట్టాలి. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టొద్దు, తగాదా అక్కడే మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం కాగితం దొంగదని అనడం కష్టం.

అధికారుల సంగతి ఇంకా బాధ. రేషన్ కార్డుకు ఇలాంటి జంటను ఒకే ఇంటివారిగా చూడమని రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. ఏ రేషన్ దుకాణంలో తెలుసు? ‘మార్చేస్తాం’ అని చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. దానికి దారితీసింది మన మద్రాసు హైకోర్టే. అయినా పిల్లల్ని ఆ డాక్టర్ల దగ్గరికే లాక్కెళ్తున్నారు, నయమవుతుందని పెళ్లి చేసి ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కూడా కోస్తున్నారు. ఉత్తర్వును వెబ్‌సైట్లో పెట్టేస్తే సరిపోతుందా? ఆఫీసు గోడకు తమిళంలో, తెలుగులో ఒక్క కాగితం అంటించలేరా?

ఈ ఆదివారం ఆ ఆగస్టు 28 ఉత్తర్వును తెలుగులో, కత్తిరించుకునేంత సైజులో అచ్చువేయండి. బ్యాంకుకు వెళ్లేవాళ్లు చేత్తో పట్టుకెళ్తారు.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై