ఇంటర్‌తో ఆట ఆపేసే పిల్లల చేతికి విజిల్ ఇవ్వండి: క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17 బాస్కెట్‌బాల్ ఆడిన పిల్లల్లో చాలామంది ఇంటర్‌లో చేరగానే బూట్లు అటకెక్కించేస్తారు. కోచ్ కావాలన్న కోరిక ఉన్నా, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమాకైనా, వ్యాయామ విద్యలో బీపీఈడీకైనా సాధారణంగా ముందు డిగ్రీ పూర్తవ్వాలి. 16కీ 21కీ మధ్య వాళ్లను పట్టించుకునే దిక్కు లేదు. మా విన్నపమల్లా ఆ ఐదేళ్ల గురించే: అప్పుడు వాళ్లను బడుల్లో సహాయక కోచ్‌లుగా పెట్టండి.

ఈ ఆటలోనే సగం కోచింగ్ ఉంది. బంతిని ముందుకు తీసుకెళ్లి జట్టును నడిపే పాయింట్ గార్డ్ 8 సెకన్లలో సగం కోర్టు దాటాలి, 24 సెకన్లలోపు జట్టు షాట్ వేయాలి. ఆలోపే ఎవరు ఎక్కడ నిలబడాలో అతనే అరిచి చెప్పాలి. రోజూ అలా చెప్పేవాడికి చెప్పడం మీద మోజు పుడుతుంది. అయితే ఎక్కువ పాయింట్లు కొట్టినవాడే మంచి కోచ్ అవుతాడనుకోకండి. తనకు వచ్చింది ఎలా వచ్చిందో అతనికే తెలియదు. బెంచీ మీద కూర్చుని, డిఫెన్స్‌లో ఎవరు ఎవర్ని వదిలేశారో గమనించేవాడు మాకు ఎక్కువ పనికొస్తాడు.

కానీ ఊరికే విజిల్ ఇస్తే చెడగొడతారు. తమకు జరిగిందే చేస్తారు: గ్రౌండు చుట్టూ పది రౌండ్లు, ఆపైన 40 మంది ఒకే వరసలో, మధ్యలో ఒకటే బంతి. అదీ పెద్ద మగవాళ్లు ఆడే 7వ సైజుది, 600 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. రింగేమో 3.05 మీటర్ల ఎత్తున. తొమ్మిదేళ్ల పాపకి బలం చాలక నడుము దగ్గర్నుంచి రెండు చేతులతో విసురుతుంది, మోచేతులు పక్కలకు తెరుచుకుంటాయి. ఆ అలవాటు పదో తరగతిలో కూడా వదలదు. చిన్నపిల్లల కోసం ఉన్న మినీ బాస్కెట్‌బాల్‌లో చిన్నదైన 5వ సైజు బంతి, 2.60 మీటర్ల రింగు పెట్టింది అందుకే.

లేఅప్ సంగతే చూడండి, అంటే పరుగున వచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేయడం. కుడిచేతి వాటం పిల్లలు కుడి అడుగు, ఎడమ అడుగు వేసి ఎడమ కాలి మీద లేవాలి. కొత్తవాళ్లు కంగారులో కుడికాలి మీదే ఎగురుతారు. "తప్పు, మళ్లీ చెయ్" అంటే పది సార్లూ అదే చేస్తారు. బంతి పక్కన పెట్టించి, రింగు కింద ఒక్క ఎడమ అడుగుతో ఎగరమనాలి. అది కుదిరాక కుడి అడుగు కలపాలి, తర్వాత చేతికి బంతి, చివరికి ఒక్క డ్రిబుల్. అంటే వెనక నుంచి ముందుకు నేర్పాలి. ఈ కిటుకు పదిహేడేళ్ల కుర్రాడికి అరగంటలో పట్టుబడుతుంది, చెప్పేవాళ్లుంటే.

అందుకే ముందుగా కోర్టు ఉన్న ప్రభుత్వ హైస్కూళ్లలోనే మొదలుపెట్టండి. ఒక్కో బడికి ఇద్దరు సహాయకులు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా అమ్మాయి. వారానికి మూడు సాయంత్రాలు, 75 నిమిషాల చొప్పున, 20 మంది పిల్లలు, 10 బంతులు. ఇద్దరికో బంతి లేకపోతే అది ప్రాక్టీసు కాదు, క్యూ. పద్దెనిమిది నిండని సహాయకుల్ని పిల్లలతో ఒంటరిగా వదలకూడదు, వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) కోర్టు దగ్గరే ఉండాలి. మొదట ఐదు రోజుల శిక్షణలో రిఫరీ సైగలు, స్కోర్‌షీట్, చీలమండ బెణికితే ఏం చేయాలో చెప్పించండి. ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేయడం) నిబంధన 2017లో మారింది. కదులుతూ బంతి అందుకునేటప్పుడు నేల మీదున్న అడుగు లెక్కలోకి రాదు. పాత లెక్కతో ఇంకా విజిల్ ఊదేవాళ్లున్నారు. ఈ విషయంలో పెద్దలకు ఈ సహాయకులే చెప్పగలరు.

గౌరవ వేతనం నెలనెలా ఖాతాలో పడాలి. సంవత్సరం చివర ఒకేసారి ఇస్తామంటే దసరాకే మానేస్తారు. ఫిబ్రవరి, మార్చి వాళ్లకీ పరీక్షలే, సెలవివ్వండి. చేసిన గంటలు లాగ్‌బుక్‌లో రాయించి, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) వేసవి శిబిరాల్లో కోచ్‌లుగా తీసుకునేటప్పుడు వాటికి మార్కులు కలపండి.

ఇంకొక్క మాట. జీవోలో "బాస్కెట్‌బాల్స్" అని మాత్రం రాసి వదిలేస్తే టెండర్‌లో 7వ సైజే వస్తుంది. "5వ సైజు, రబ్బరు" అని రాయించండి. తోలు బంతి సిమెంటు కోర్టు మీద నెలల్లోనే అరిగిపోతుంది.

ఇట్లు,
బాస్కెట్‌బాల్ కోచ్‌లు, పీఈటీలు