వార్షిక నివేదిక: మన యాప్‌ల ప్రకటనలు అమ్ముతున్నది ఎవరు?

మన యాప్ డెవలపర్ల సంఘం సభ్యులకు నమస్కారం.

జమాఖర్చుల పత్రం విడిగా పంపాం. సమావేశాలు అనుకున్న ప్రకారమే జరిగాయి. ఏడాదంతా మన సమయం తినేసింది మాత్రం ఒక చిన్న టెక్స్ట్ ఫైల్: యాప్-యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ.

మన యాప్‌లోని ప్రకటనల జాగాను అమ్మే హక్కు ఎవరెవరికి ఉందో మనమే బహిరంగంగా రాసిపెట్టే జాబితా అది. వెబ్‌సైట్ల కోసం ఇలాంటి ఫైల్‌ను, ఆన్‌లైన్ ప్రకటనలకు సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఐఏబీ టెక్ ల్యాబ్ 2017లో తెచ్చింది. యాప్‌ల వంతు 2019లో వచ్చింది. అంతకుముందు ఊరూపేరూ లేని యాప్‌వాడు ప్రకటనల జాగా అమ్మే ఆన్‌లైన్ వేలంలో పేరున్న యాప్ ఐడీ చూపించి డబ్బు దండుకుంటున్నా, కొనేవాళ్లకు సరిచూసుకునే దారి సరిగా ఉండేది కాదు.

2025 జనవరి నుంచి కొత్త యాప్‌లకు గూగుల్ వారి ప్రకటనల నెట్‌వర్క్ యాడ్‌మాబ్ ఈ ఫైల్ ద్వారా వెరిఫికేషన్ తప్పనిసరి చేయడంతో సభ్యుల్లో టెన్షన్ పెరిగింది. "ఫైల్ పెట్టాం, అయినా వెరిఫై కావట్లేదు" అన్నదే ఎక్కువగా విన్న మాట. చూస్తే తేడా తరచూ యాప్ స్టోర్‌లోని మన యాప్ పేజీలోనే ఉంటోంది. క్రాలర్ (ఫైళ్లను వెతికి చదివే ప్రోగ్రామ్) అక్కడ మనం ఇచ్చిన డెవలపర్ వెబ్‌సైట్ అడ్రస్ తీసుకుని, ఆ డొమైన్ రూట్‌లో, అంటే సైట్ మొదటి ఫోల్డర్‌లో, ఫైల్ కోసం వెతుకుతుంది. అక్కడ సోషల్ మీడియా పేజీ లింకు ఇచ్చి కూర్చుంటే ఫైల్ ఎక్కడ దొరుకుతుంది?

ఫైల్‌లో యాడ్‌మాబ్ లైన్ రాయడం కష్టమేమీ కాదు. గూగుల్ డాట్ కామ్, కామా, 'పబ్' తర్వాత 16 అంకెల ఖాతా నంబరు, కామా, డైరెక్ట్, చివర సర్టిఫికేషన్ ఐడీ (ఆ నెట్‌వర్క్‌ను గుర్తించే కోడ్). ఒక్క అంకె తప్పినా ఆ లైన్ దండగే.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది రీసెల్లర్ లైన్ల సంగతి, అంటే మన జాగాను తమ ఖాతాల ద్వారా తిరిగి అమ్మే మధ్యవర్తుల లైన్లు. ప్రకటనల నెట్‌వర్క్ వాళ్లు పంపిన పొడవాటి జాబితాను చదవకుండా అతికించేస్తున్నాం. నెట్‌వర్క్‌తో తెగతెంపులయ్యాక కూడా ఆ లైన్లు అలాగే ఉండిపోతున్నాయి. కొందరైతే రీసెల్లర్ అని ఉండాల్సిన చోట డైరెక్ట్ అని రాశారు. ఖాతా మన చేతిలో ఉంటేనే అది డైరెక్ట్. సంఘం అభిప్రాయం సూటిగా: జాబితా పొడుగైనంత మాత్రాన ఆదాయం పెరగదు, ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి అనుమతి పత్రం వెళ్తుంది, అంతే. ప్రతి ఖాతా నంబరునూ ఆ నెట్‌వర్క్ తన అమ్మకందారుల వివరాలు బహిరంగంగా పెట్టే సెల్లర్స్ డాట్ జేసన్ ఫైల్‌తో సరిపోల్చండి. అక్కడ అది ఇంటర్మీడియరీ (మధ్యవర్తి) అని ఉండి, మన దగ్గర డైరెక్ట్ అని ఉంటే వాళ్లను నిలదీయాల్సిందే.

అన్నట్టు, దొంగ క్లిక్కులు ఈ ఫైల్‌తో ఆగవు. ఆ పని వేరు.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ప్రతి సభ్యుడూ తన ఫైల్ కాపీ తీసుకురావాలి. ఏ లైన్ ఎందుకు ఉందో చెప్పలేకపోతే అక్కడికక్కడే కొట్టేద్దాం.

కార్యదర్శి