ప్రోస్టేట్ క్యాన్సర్ వ్యాసంలో చేసిన పని సంగతి ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద వ్యాసం చదివానండి, బాగుంది, వయసు, ఇంట్లో ఎవరికైనా ఉండటం, పీఎస్ఏ అనే రక్తపరీక్ష అన్నీ చెప్పారు కానీ ఆ మనిషి అన్నేళ్లూ ఏం పని చేశాడన్నది ఒక్క ముక్క కూడా లేదు. నేను వెల్డింగ్, ప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపుల్లో చాన్నాళ్లు చేసినవాణ్ణి, అందుకే అడుగుతున్నా.

కాడ్మియం అనే లోహం కోటింగ్ ఉన్న బోల్టుని అలాగే వెల్డ్ చేసినా, కాడ్మియం కలిసిన సిల్వర్ సోల్డర్‌ని కరిగించి అతికించినా (బ్రేజింగ్) గోధుమరంగు పొగ లేస్తుంది, అది పీల్చుకుంటూ, కడగని చేతుల్తోనే సిగరెట్ వెలిగించేవాళ్లం అందరం. పొగాకులో కూడా కాడ్మియం ఉంటుందని అప్పుడు ఎవరు చెప్పారు? ఒకసారి కిడ్నీలో చేరిందంటే అందులో సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుందట, అంటే మనం రిటైర్ అయినా అది అవదు.

ప్రోస్టేట్‌లో మామూలుగానే జింక్ ఎక్కువ ఉంటుంది, కాడ్మియం జింక్ లాంటిదే కాబట్టి దాని చోట్లో దూరి డీఎన్ఏ రిపేర్‌ని చెడగొడుతుందని సైంటిస్టుల లెక్క. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే కాడ్మియంని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని ఖాయమైనవాటిలో పెట్టింది. అయితే అది ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో, ప్రోస్టేట్ విషయంలో ఆధారాలు ఉన్నాయి గానీ ఇంకా గట్టిగా తేలలేదు. ఆర్సెనిక్ కలిసిన తాగునీళ్ల సంగతీ దాదాపు అంతే, ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మం వరకు ఖాయం, ప్రోస్టేట్ అనుమానం. కాబట్టి ప్రతి కేసునీ దీని మీదకి తోసేయమని నేను అనట్లేదు, డీటాక్స్ పొడులు అమ్మేవాళ్లు ఆ పని ఎలాగూ చేస్తున్నారు.

నేను అడిగేది చిన్నదే. హాస్పిటల్ కేస్ షీట్‌లో వృత్తి అన్నచోట "రిటైర్డ్" అని రాసి వదిలేస్తున్నారు, అంతకుముందు బ్యాటరీల్లోనా, ప్లేటింగ్‌లోనా, లోహం కరిగించే స్మెల్టర్‌లోనా అని అడిగితే పోయేదేముంది? పాత కాడ్మియం యూరిన్ టెస్టులో తెలుస్తుంది, బ్లడ్ టెస్ట్ ఎక్కువగా ఈమధ్య ఒంట్లోకి వెళ్లిందే చూపిస్తుంది, ఇలాంటి రిపోర్టులు కంపెనీ ఫైల్లో ఉంచుకోకుండా మానేసేరోజు వర్కర్ చేతికివ్వాలి. ఆ వ్యాసం రాసిన డాక్టర్ గారు రెండో భాగం రాస్తే దీని గురించి కూడా రాయమని చెప్పండి.

ఇట్లు,
ఒక పాత వెల్డర్