ఆ బీట్లో మొక్కలు నాటకు

గుంటూరు,
ఏప్రిల్ నెలాఖరు

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ ఎండ సంగతి అడగొద్దు, పొద్దున తొమ్మిదింటికే రోడ్డు మీద మనిషి ఉండడు. సరే, అసలు విషయానికొస్తా. దుర్గి అవతల మీ పన్నెండెకరాల్లో ఈ జూన్‌లో గుంతలు తీయించి వేపా కానుగా పెట్టిస్తానన్నావు. వద్దురా. ఆ జేసీబీ వాడికి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకోకు గానీ, పని మార్చు. ఏ పనో చెప్తా.

అది చెట్లు పోయిన నేల కాదు, గడ్డి నేల. జానెడు ఎర్రమట్టి, దాని కింద నాపరాయి. అక్కడక్కడా రేగి, సండ్ర ఉన్నాయంటే అంతవరకే ఆ నేల మోస్తుందని అర్థం. మనవాళ్ళకి చెట్టు లేకపోతే అది బంజరే. సర్కారు వేస్ట్‌ల్యాండ్ అట్లాసుల్లో కూడా ఇలాంటి గడ్డి నేలల్ని చాలావరకు ఆ పద్దులోనే వేశారు. నంద్యాల వైపు రోళ్ళపాడు గుర్తుందిగా, బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్లు అభయారణ్యం చేశారు. చుట్టూ ఉన్న మెట్టా బీడూ నీటి పంటల్లోకి మారిపోయాయి, ఇప్పుడక్కడ బట్టమేక కనబడ్డం గగనం. కంచె లోపల గడ్డి ఉంటే సరిపోదని దానికి తెలుసు.

నీ పన్నెండెకరాల్ని రెండు ముక్కలుగా చూడు. వాలు మీదున్న ఎనిమిదెకరాలు ఎప్పుడూ నాగలి చూడలేదన్నావు. అదే నీ ఆస్తి. కింద నాలుగెకరాలు మిరప వేసి వదిలేసింది. అక్కడే కష్టం.

ఎందుకు కష్టమో చెప్తా. దక్షిణ ఫ్రాన్సులో లా క్రో అని రాళ్ళ మైదానం ఉంది. దురాన్స్ అనే నది ఒకప్పుడు వదిలిపోయిన డెల్టా. పైన గులకరాళ్ళు, కింద వేరు దిగని గట్టి పొర, వేసవిలో వాన బాగా తక్కువ. వేల ఏళ్ళుగా గొర్రెలు మేసిన చోటు. ఒకప్పుడు అరవై వేల హెక్టార్లని అంచనా, ఇప్పుడు మిగిలింది పదివేల చిల్లర. అక్కడ పుచ్చ, కర్బూజా పండించి వదిలేసిన చేలు ముప్ఫై నలభై ఏళ్ళు గడిచినా పాత గడ్డి నేలలా తయారవ్వలేదు. ఏకవార్షికాలు, అంటే ఒక్క ఏడాదిలో మొలిచి చచ్చే మొక్కలు, వచ్చేస్తాయి, చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి బతికే బహువార్షిక గడ్డి మాత్రం రాదు. ఎందుకంటే దాని గింజ మట్టిలో ఏళ్ళ తరబడి నిలవుండదు, గాలికి దూరం పోదు. పైగా ఎరువుల భాస్వరం మట్టిలోనే కూర్చుంటుంది. ఎరువుకి ఎగబడి పెరిగేవి కలుపు మొక్కలు. పేద నేలకి అలవాటుపడ్డ గడ్డి వాటి నీడలో చచ్చిపోతుంది.

మన మిరప చేలకి డీఏపీ అనే భాస్వరం ఎరువు ఎంత పోస్తారో నీకు వేరే చెప్పాలా? అందుకని ముందు మట్టి పరీక్ష. నాలుగెకరాల్లో పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపు. లభ్య భాస్వరం, అంటే మొక్కకి అందే భాస్వరం, హెక్టారుకు 25 కిలోలు దాటితే గడ్డి గింజ చల్లడం దండగ. జొన్న ఒత్తుగా వెయ్యి, ఎరువు గుప్పెడు కూడా వెయ్యకు, కంకీ చొప్పా మొత్తం కోసి బయటికి తోలెయ్. అక్కడే పశువుల్ని కట్టావంటే తీసిందంతా పేడగా మళ్ళీ అక్కడే పడుతుంది. భాస్వరం ఒక్క పంటకి దిగదు, ఏళ్ళు పట్టినా పట్టొచ్చు.

జేసీబీ అడ్వాన్సు అక్కడి సర్కారు తుమ్మ పెరకడానికి వాడు. మొదలు పైకి నరికితే ఒకటి పది అవుతుంది, చిగురు వేసే మొగ్గలు నేల మట్టానికి కాస్త కిందే ఉంటాయి గనక. అడుగు లోతుకి తవ్వి వేరు మొదలుతో సహా తీయాలి. పాత చెట్టుంటే దాని కింద మట్టిలో గింజలు ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి, ఏటా వానాకాలం తర్వాత చిన్న మొలకల్ని పీకించాలి. ఇప్పుడు కాయ రాలే కాలం, మేకలు కాయ తిని వచ్చి నీ బీట్లో పెంటికలు వేస్తే ఆ గింజ బలంగా మొలుస్తుంది. అలాంటి మందని ఓ వారం బయటే ఉంచాలి. జేసీబీని వాలు మీద అడ్డదిడ్డంగా తిప్పనివ్వకు. కదిలిన మట్టి మీదికి మొట్టమొదట వచ్చేది వయ్యారిభామ. దాన్ని పూతకి ముందే, చేతులకి తొడుగులేసి పీకించు.

ఇక గింజ సంగతి. ఈ జూన్‌కి నీ దగ్గర విత్తనం లేదు, కొనకు కూడా. దాణా విత్తనాల వాళ్ళు స్టైలో అంటగడతారు. పశువుల మేతకి మంచిదే, కాదనను, కానీ అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. నీ వాలు మీద గడ్డే నీ విత్తనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏది పండితే అది కొయ్యి. పొద్దున్నే మంచు తడి ఉండగా కోస్తే గింజ రాలదు. ఒక్క రోజే మొత్తం కోసేస్తే ఒకే రకం దొరుకుతుంది, మూడు నాలుగు విడతలుగా కొయ్యాలి. వాలులో సగానికి మించి ముట్టుకోకు. నీడలో ఆరబెట్టి గోనె సంచుల్లో ఉంచు, ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది. అంజన్ గడ్డి, పంచెకి గుచ్చుకునే ఆ ముళ్ళ గడ్డి, పుస్తకాల్లో హెటిరోపోగాన్ అంటారే, ఇవి కొత్త గింజగా మొలవ్వు. ఆరేడు నెలలు నిద్ర పోవాలి. వచ్చే జూన్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఫ్రాన్సు వాళ్ళ లెక్క ఇక్కడే తిరగబడుతుంది. వాళ్ళ వాన చలికాలం ముందు మొదలవుతుంది, వేసవిలో కోసిన ఎండుగడ్డిని కొద్ది నెలల్లో పరిస్తే మొలుస్తుంది. నువ్వు నవంబరులో కోసి అప్పుడే పరిచావనుకో, జూన్ దాకా చీమలకి విందు.

విత్తే ముందు తడిగుడ్డలో నూరు గింజలు చుట్టి పది రోజులు చూడు. పాతిక మొలిచినా అడవి గడ్డికి మంచి మార్కులే. పొట్టుతో కలిపి ఎకరాకు ఎనిమిది, పది కిలోలు పడుతుంది. గింజ తేలిక, గాలికి పోతుంది, కాబట్టి ఒక పాలు గింజకి ఒక పాలు పేడ, మూడు పాళ్ళు బంకమట్టి, ఒక పాలు ఇసుక కలిపి శనగ గింజంత ఉండలు చేయించు. చీమల బెడదా తగ్గుతుంది. తొలకరి రెండు మంచి వానలు పడ్డాక పైపైన గీరి చల్లాలి, లోతు అర అంగుళం దాటితే మొలక పైకి రాదు. గొర్రుతో వెయ్యించావంటే సగం గింజ పాతిపెట్టినట్టే. ఎండకి కాస్త మరుగుగా పిల్లిపెసర పలచగా వెయ్యి, ఒత్తుగా వేస్తే అదే నూకేస్తుంది.

ఈ జూలైలో మాత్రం పిలకలు నాటొచ్చు. ముసురు పట్టిన రోజు వాలు మీది పెద్ద దుబ్బుల్లోంచి పిలకలు విడదీసి, ఒక్కో పిలకకి రెండు మూడు కాడలుంచి, ఆకు జానెడు ఎత్తుకి కత్తిరించి, తుమ్మ పెరికిన గుంతల్లో పెట్టు. మీటరుకొకటి చొప్పున ఎకరాకు నాలుగు వేలు. నాలుగెకరాలకీ కుదరదులే, అక్కడక్కడా గుంపులుగా పెట్టు, అక్కడి నుంచి గింజ అదే పాకుతుంది. రాళ్ళు ఏరించి గట్టున పోయించకు. రాయి కింద తడి నిలుస్తుంది, ఎండకి మొలకకి నీడ కూడా అదే.

ఇంకో మాట. 2009 ఆగస్టులో లా క్రోలో పైపులైను పగిలి అయిదు హెక్టార్లలో ముడిచమురు పారింది. ఆ మట్టంతా తీసేసి, దగ్గర్లోని క్వారీ చోటి నుంచి మట్టి తెచ్చి, పొరలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో పరిచారు. పాత మొక్కలు చాలావరకు తిరిగొచ్చాయి, ఎందుకంటే పై పొరతో పాటు వేరూ గింజా వచ్చేశాయి. మీ వైపు కొత్తగా నాపరాయి క్వారీ తెరుస్తుంటే పైన జానెడు మట్టి అడిగి తెచ్చుకో. కుప్ప పోసి ఉంచకు, వారం లోపు పరిచెయ్.

మేపు గురించి మీ ఊళ్ళో గొడవ వస్తుంది, ముందే మాట్లాడు. నాలుగెకరాల్లో రెండు వానాకాలాలు మంద వద్దు. రెండో ఏడు గింజ రాలాక కోసి ఇవ్వు, మూడో ఏడు నుంచి గొర్రెల్ని పంపు. గడ్డి సగం తిన్నాక మంద మారాలి. అసలు మేపకపోతే మాత్రం ఎండు పొర పేరుకుని కొత్త పిలక ఊపిరాడక పోతుంది, కంప మొలుస్తుంది. లా క్రోలో కూడా గొర్రెల్ని ఆపలేదు, వేసవిలో ఆల్ప్స్ కొండలకి తోలుకుపోయి నేలకి విశ్రాంతి ఇస్తారు. మాఘంలో నిప్పు పెట్టే అలవాటు మాత్రం మానిపించు. ఏటా కాలిస్తే ఆ ముళ్ళ గడ్డి తప్ప తక్కినవి పలచబడతాయి.

పీవీసీ పైపుతో మీటరు చదరం చేయించు. ఏటా అక్టోబరులో అవే ఇరవై చోట్ల వేసి బహువార్షిక దుబ్బులెన్నో లెక్కపెట్టు. పచ్చదనం చూసి మోసపోకు.

మట్టి రిపోర్టు రాగానే భాస్వరం అంకె నాకు రాయి, జొన్న ఎన్నేళ్ళు వెయ్యాలో అప్పుడు తేల్చుకుందాం. అక్కకి నమస్కారాలు చెప్పు.

నీ
శీను