పై అంతస్తు గదులను పనిశాలలుగా మార్చలేమా?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా మున్సిపల్ పట్టణాల్లోని వాణిజ్య సముదాయాలది దాదాపు ఒకే తీరు. కింది వరుసలో సెల్‌ఫోన్ల షాపు, మందుల షాపు, మిఠాయి దుకాణం కిటకిటలాడుతుంటాయి. మెట్లెక్కి పైకి వెళితే తుప్పు పట్టిన షట్టర్లు, వెలిసిపోయిన ‘టు లెట్’ బోర్డులు కనిపిస్తాయి. అద్దె రాకపోయినా ఆస్తి పన్ను, కరెంటు కనీస ఛార్జీలు యజమానికి తప్పవు. ఖాళీ గదిలో ఏ వ్యాపారం పెట్టవచ్చో సలహాలిచ్చేవారికి కొదవ లేదు గానీ, అందులో ఎక్కువ భాగం రోడ్డు మీది దుకాణానికి పనికొచ్చే సలహాలే. దారిన పోయేవారు చూసి లోపలికి వచ్చే వ్యాపారం మేడమీద నిలవదు. పేరు విని వెతుక్కుంటూ వచ్చేవారి మీద, లేదా కొనేవారు గుమ్మం తొక్కనవసరమే లేని పని మీద నడిచే వ్యాపారమైతేనే నిలుస్తుంది. అందుచేత ఈ గదులను దుకాణాలుగా కాక పనిశాలలుగా చూడాలని, అద్దె షరతులను కూడా దానికి తగ్గట్టు మార్చాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

ముందుగా చెప్పదగినది మగ్గం వర్క్, జాకెట్ల కుట్టు. పెళ్లిళ్ల సీజన్‌లో ఈ పనికి ఉండే గిరాకీ తెలియనిది కాదు. జర్దోసీ, పూసల పని కోసం గుడ్డను బిగించే చెక్క మగ్గం ఒక్కొక్కటి మంచమంత చోటు తీసుకుంటుంది. నలుగురు కూర్చుని పని చేయాలంటే ఇంటి వరండా చాలదు, రోడ్డు మీది షాపు అద్దె గిట్టదు. వారికి కావలసింది ధారాళమైన వెలుతురు, దుమ్ము లేని నేల, ఆడవాళ్లు జంకు లేకుండా ఎక్కి దిగగల మెట్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. ఈ చివరిది మన కాంప్లెక్సుల్లో తరచుగా ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. అద్దె ఎంతో అడగకముందే ఇది చూసి వెనుదిరిగే మహిళలు ఉంటారన్న సంగతి యజమానులకు తట్టకపోవడం విచిత్రమే.

రెండవది స్టడీ హాల్. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవారు, కృష్ణా జిల్లా అవనిగడ్డలో డీఎస్సీకి చదివేవారు గది అద్దెలు, మెస్ ఖర్చులు భరిస్తూ ఊరు విడిచి ఉంటున్నారు. 2025లో 16,347 పోస్టులతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీకి ఇంటి దగ్గరే ఉండి చదివినవారూ ఉన్నారు. వారికి కోచింగ్ కన్నా ముందు కావలసింది తెల్లవారి నుంచి రాత్రి దాకా నిశ్శబ్దంగా కూర్చునే చోటు. మధ్యలో అడ్డుపలకలున్న బల్లలు, ఫ్యాన్లు, వైఫై, తాగునీటి క్యాను ఉంటే నెలవారీ రుసుముతో నడుస్తుంది. నోటిఫికేషన్లు లేని కాలంలో బల్లలు ఖాళీ అవుతాయి కనుక దీని మీదే అప్పు చేసి దిగమని నేను చెప్పను. పైగా ఒకే మెట్లదారి ఉన్న అంతస్తులో యాభై మందిని కూర్చోబెట్టడం ప్రమాదకరం. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చిలో జరిగిన అగ్నిప్రమాదంలో పై అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు కోల్పోయారు. రెండో దారి లేని భవనంలో ఈ ఆలోచనను పక్కన పెట్టడమే మంచిది.

పొడులు, అప్పడాలు, పచ్చళ్లు ప్యాక్ చేసే పని కూడా మేడమీద సాగుతుంది. గ్రైండర్లతో దోసెల పిండి రుబ్బే పని మాత్రం సాగదు; నీళ్లు, మురుగు, యంత్రాల అదురు పై శ్లాబుకు మంచివి కావు. ఇటువంటి చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ (ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల) పథకంలో యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీని బ్యాంకు రుణంతో ముడిపెట్టి నిర్దేశించారు. అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. అప్పు కొన్నేళ్లపాటు తీర్చవలసినది. మన యజమానులు రాసిచ్చేది పదకొండు నెలల అద్దె ఒప్పందం. అద్దెకు దిగినవారు ఖాళీ చేయరేమోనన్న భయంతో యజమాని, పన్నెండో నెలలో పొమ్మంటారేమోనన్న భయంతో అద్దెదారు ఉంటే, ఆ గదిలో యంత్రం కొని పెట్టేదెవరు? అయిదేళ్ల లీజును రిజిస్టరు చేయించుకుని, ఖాళీ చేయవలసిన షరతులను అందులోనే స్పష్టంగా రాసుకుంటే ఇద్దరి భయమూ తగ్గుతుంది. అడ్వాన్సు కూడా పది నెలలది అడగక మూడు నెలలతో సరిపెట్టి, మొదటి ఏడాది తక్కువ అద్దె తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు. ఏళ్ల తరబడి పైసా రాని గదికి ఇది నష్టం కాదు.

మున్సిపాలిటీల సొంత కాంప్లెక్సుల సంగతి మరింత జటిలం. లీజు పొడిగించినప్పుడల్లా, అంటే మూడేళ్లకోసారి, అద్దెను 33 శాతం పెంచాలన్న నిబంధన కింది వరుసకూ పై వరుసకూ ఒకేలా వర్తిస్తోంది. నెలకు 3,000 రూపాయలతో మొదలైన గది అద్దె మూడు పొడిగింపుల్లోనే 7,000 దాటుతుంది. బస్టాండు ఎదుటి షాపు దాన్ని మోయగలదేమో గానీ మగ్గం వర్క్ చేసే మేడమీది గది మోయలేదు. పోటీలో ఎక్కువకు పాడి, ఆ తర్వాత తట్టుకోలేక తాళాలు అప్పగించేవారు కొందరు; అదే ధరకు మళ్లీ వేలం వేస్తే వచ్చేవారు లేక ఉండిపోయే గదులు కొన్ని. రెండుసార్లు పాటదారు రాని పై గదులకు కనీస అద్దెను కొత్తగా లెక్కగట్టేలా, పెంపును తగ్గించేలా, వాటిని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పరిధిలోని మహిళా పొదుపు సంఘాలకు వేలం లేకుండా ఇచ్చేలా రెండు రాష్ట్రాల పురపాలక శాఖలు నిబంధనలు సవరించాలి.

అందాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. ఏ కాంప్లెక్సులో ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్ని చదరపు అడుగులో, నీళ్లు, మరుగుదొడ్డి, రెండో మెట్లదారి ఉన్నాయో లేవో, అడుగుతున్న అద్దె ఎంతో తెలుగులో రాసి మున్సిపల్ కార్యాలయం గోడ మీద, వార్డు కార్యాలయాల్లో అంటించమని కమిషనర్లను కోరుతున్నాను. ప్రైవేటు యజమానులు కూడా తమ గదుల వివరాలు అందులో చేర్పించుకునే వీలు కల్పించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కృష్ణా జిల్లా