వ్యాను బాత్రూం కప్పుకి వెంటు బిగించే ముందు

అమ్మలూ,

ఇల్లులా మార్చుకుంటున్న నీ వ్యాను బాత్రూం కప్పుకి ఫ్యానున్న వెంటు, అంటే తడిగాలిని బయటికి లాగే మూత కిటికీ, పెడతానన్నావు. పెట్టు, అది తప్పనిసరి. మన కోనసీమలో ముసురు పట్టిందంటే వసారాలో వేసిన బట్టలే ఆరవు. ఇక మూడడుగుల రేకు గదిలో స్నానం చేసిన తడి దానంతటది ఎక్కడికి పోతుంది? ముందు మూలల్లో బూజు పడుతుంది, తర్వాత ప్లైవుడ్డు ఉబ్బుతుంది.

అన్నిటికన్నా ముందు గాలి వచ్చే దారి చూసుకో. నీ గది 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల ఎత్తు అంటే 60 ఘనపుటడుగుల లోపే. నిమిషానికి 100 ఘనపుటడుగులు లాగే చిన్న ఫ్యాను కూడా దానికి ఎక్కువే. కానీ తలుపు బిగుతుగా మూసుకుంటే లోపలికి వచ్చే గాలి లేక ఫ్యాను ఊరికే తిరుగుతుంది. పైగా ఆ గాలిని టాయిలెట్ ట్యాంకులోంచి, నేల జాలీలోంచి లాక్కుని గదంతా కంపు చేస్తుంది. అందుకని తలుపు కింద 20 మిల్లీమీటర్ల సందు వదులు. అదీ చాలకపోతే తలుపు కింది భాగంలో లూవర్ జాలీ (ఏటవాలు రెక్కలున్న జాలీ) పెట్టించు. ఫ్లష్ నొక్కేటప్పుడు మాత్రం ఫ్యాను ఆపెయ్యి. వెంటు తలుపుకి ఎదురు మూలగా ఉంటే గాలి గదంతా తిరిగి పైకి పోతుంది. వానాకాలం బయటి గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి స్నానం అయ్యాక అరగంటైనా తిరగనివ్వు.

ఇప్పుడు కోత. ఈ వెంట్లకి మామూలుగా 14 అంగుళాల చదరం కావాలి, కొన్నిటికి 400 మిల్లీమీటర్లు. పెట్టె మీది అంకె నమ్మకుండా వెంటునే కొలువు. లోపలి వైపు తట్టి, కప్పు కింద అడ్డంగా వెళ్లే దూలాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. వాటిని కోస్తే కప్పు బలం పోతుంది, రెండు దూలాల మధ్యే పని జరగాలి. నాలుగు మూలలా లోపలినుంచి చిన్న డ్రిల్ బెజ్జం వేస్తే పైన గీత సరిగ్గా దొరుకుతుంది. గీత చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, జిగ్‌సాకి (బ్లేడు పైకీ కిందకీ ఆడే కరెంటు రంపం) ఇనుము కోసే సన్నపళ్ల బ్లేడు వేసి కొయ్యి. చివరి వైపుకి వచ్చేసరికి ముక్క వేలాడి రేకు వంగుతుంది, కింద ఒకరు పట్టుకోవాలి.

కోశాక అంచుని ఆకురాయితో నున్నగా చేసి, ఇనుప రజనంతా బ్రష్షుతో, తడిగుడ్డతో తీసెయ్యి. కప్పు మీద రజను మిగిలితే రాత్రి మంచుకే తుప్పు చుక్కలు తేలతాయి. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మరీ తొందర. కోసిన అంచంతా జింక్ ప్రైమరు, దాని మీద పెయింటు రెండు కోటింగులు వేసి పూర్తిగా ఆరనివ్వు. తొందరపడి ఈ పని వదిలేస్తే సీలెంటు (నీళ్లు దిగకుండా సందుల్లో వేసే జిగురు) కింద రేకుని తుప్పు నెమ్మదిగా తినేస్తుంది, కారడం మొదలయ్యాకే తెలుస్తుంది.

రంధ్రం చుట్టూ లోపల చెక్క చట్రం ఉండాలి, లేకపోతే స్క్రూలకి పట్టు దొరకదు. నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై అయితే IS 710 ముద్ర ఉన్నది తీసుకో. కప్పు మీద గాడులుంటే వెంటు అంచు సమంగా కూర్చోదు. ఆ గాడులకి సరిపడే అడాప్టరు చట్రం పెట్టాలి గానీ సీలెంటుతో పూడ్చకు.

వెంటు అంచు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) నాలుగు వైపులా తెగకుండా అంటించు. స్క్రూలు స్టెయిన్‌లెస్సే వెయ్యి, సముద్రం పక్కనైతే ఉప్పుకి బాగా తట్టుకునే 316 రకం మేలు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. ఒకే వైపు గట్టిగా తిప్పితే ప్లాస్టిక్ అంచు వంగి మధ్యలో నీళ్లకి దారిస్తుంది. ఒక రోజు ఎండ తగిలాక టేపు సర్దుకుంటుంది, అప్పుడు మళ్లీ ఓసారి బిగించి, బయటికొచ్చిన టేపు కోసేసి, స్క్రూ తలల మీదా అంచు చుట్టూ కప్పు సీలెంటు వెయ్యి. సిలికాన్ మాత్రం వద్దు, తర్వాత దాని మీద మరే సీలెంటూ అంటదు. రోహిణి ఎండలో రేకు కాలిపోతుంటే సీలెంటు బుడగలొస్తుంది, పొద్దున్నే మంచు ఆరాక చెయ్యి.

వైరింగుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. 3 ఆంపియర్ల ఫ్యానైతే బ్యాటరీ దగ్గర 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. జాయింట్లూ స్విచ్చీ బాత్రూం బయటే ఉండాలి. ప్లస్ మైనస్ తారుమారైతే కొన్ని ఫ్యాన్లు వెనక్కి తిరిగి గాలి లోపలికి తోస్తాయి. కాగితం ముక్క జాలీకి అంటుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

సీలెంటు ట్యూబు మీద రాసినంత సేపు ఆరాక, పైపుతో పది నిమిషాలు ముందు పక్కలకి, తర్వాత పైనుంచి నీళ్లు వదులు. లోపలి మూత అప్పుడే బిగించకు, చట్రం వేలితో తడిమి చూసి పొడిగా ఉంటేనే బిగించు. బండి కదిలే ముందు వెంటు మూత దించు, కాలవగట్టు రోడ్లలో వాలిన కొబ్బరి మట్టలకే అది విరుగుతుంది. సీలెంటు ఏటా రెండుసార్లు చూడు: మృగశిరకి ముందోసారి, తుఫాన్ల కాలం అయ్యాక ఓసారి.

వెంటు వచ్చాక దాని అంచు వెడల్పూ, నీ కప్పు మందమూ కొలిచి రాయి. చట్రానికి ప్లై ముక్కలు ఇక్కడే కోయించి పంపుతాను.

ఆశీస్సులతో,
నాన్న