మండకపోతే చాలదు, వేడికి చెడకూడదు

సంపాదకులకు,

మంట అంటుకోని ఎలక్ట్రోలైట్ (బ్యాటరీ లోపల అయాన్లను మోసే ద్రవం) వస్తే లిథియం అయాన్ బ్యాటరీకి వేడితో ఇక ఇబ్బంది ఉండదన్నట్టు వార్తలు రాస్తున్నారు. మండకపోవడం వేరు, వేడికి చెడకపోవడం వేరు. రెండూ కలిపేస్తే పాఠకుడికి అసలు సంగతి అందదు.

మామూలు సెల్‌లో ఇథిలీన్ కార్బొనేట్, దానికి తోడు డైమిథైల్ కార్బొనేట్ లాంటి పలుచని ద్రావణి ఉంటాయి. వాటిలో లీటరుకు సుమారు 1 మోల్ లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణం కలుపుతారు. మంటకు మూలం ద్రావణులే. డైమిథైల్ కార్బొనేట్ ఆవిరి 20 డిగ్రీల లోపే నిప్పు అందుకుంటుంది. కానీ వేడికి ముందుగా చెడేది లవణం. 60 డిగ్రీల ప్రాంతంలో అది విడిపోయి ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్ పుట్టడం జోరందుకుంటుంది. దానికి నీటి జాడ తగిలితే చాలు, హైడ్రోజన్ ఫ్లోరైడ్ తయారవుతుంది. క్యాథోడ్‌లో, అంటే ధన ధ్రువంలో, మాంగనీస్ ఉంటే అది దాన్ని కరిగిస్తుంది. కరిగిన మాంగనీస్ అవతలి ధ్రువమైన గ్రాఫైట్‌కు చేరి దాని మీది రక్షణ పొరను పాడు చేస్తుంది. చెడిన పొర మళ్లీ కట్టుకోవడానికి లిథియం, ఎలక్ట్రోలైట్ ఖర్చవుతాయి, వాయువు పుడుతుంది, మెత్తని సంచిలో ఉండే పౌచ్ సెల్ ఉబ్బుతుంది. ఇంత జరిగినా మంట ఎక్కడా లేదు.

అందుకే ఎలక్ట్రోలైట్‌లో తేమ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) దాటకుండా చూస్తారు. తేమ తగిలిన నమూనాను 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచితే, నీళ్లలా ఉన్న ద్రవం పసుపుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని గాజు సీసాలో దాచడం పెద్ద పొరపాటు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ గాజును తింటూ మళ్లీ నీటినే పుట్టిస్తుంది, ఆ నీరు మిగతా లవణాన్ని చెడగొడుతుంది. అల్యూమినియం సీసాలే వాడాలి.

ఇక మంటను ఆపే ద్రావణి ట్రైమిథైల్ ఫాస్ఫేట్ సంగతి. మామూలు గాఢతలో అది లిథియంతో పాటు గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి వాటిని ఊడదీస్తుంది. లవణం బాగా పెంచితే ఆ బెడద తగ్గుతుంది, కానీ ద్రవం చిక్కబడి, రెండు ధ్రువాలను వేరుగా ఉంచే సెపరేటర్ పొర సరిగా తడవదు. అప్పుడు ఫ్లోరినేటెడ్ ఈథర్‌తో పలుచన చేయాలి. ఖర్చు ఎక్కువే అయినా మాకు నమ్మకం కలిగిస్తున్న దారి ఇదే.

లవణం మార్చడమూ ఒక మార్గమే. లిథియం బిస్‌ఫ్లోరోసల్ఫొనైల్ ఇమైడ్ వేడికి, తేమకు బాగా ఓర్చుకుంటుంది. అయితే మామూలు కార్బొనేట్లలో అదొక్కటే వాడితే 4 వోల్టుల పైన క్యాథోడ్ వైపు అల్యూమినియం రేకును తినేస్తుంది. పాత లవణం కొంత ఉంచడమో, లిథియం డైఫ్లోరో ఆక్సలేటో బోరేట్ కొద్దిగా కలపడమో చేస్తే రేకు నిలుస్తుంది. రక్షణ పొర కోసం వినైలిన్ కార్బొనేట్ 1 నుంచి 2 శాతం సరిపోతుంది. మంచిదే కదా అని ఎక్కువ పోస్తే సెల్ అంతర్నిరోధం పెరుగుతుంది.

కాబట్టి కొత్త ఎలక్ట్రోలైట్ గురించి రాసేటప్పుడు విలేకరులు అగ్గిపుల్ల పరీక్ష దగ్గరే ఆగవద్దని మనవి. ఏ క్యాథోడ్, ఎన్ని వోల్టులు, 60 డిగ్రీల వద్ద ఎన్ని రోజులు ఉంచారు, ఆ తర్వాత సామర్థ్యం ఎంత మిగిలింది అని అడగాలి. ఉబ్బు ఎంతో కూడా అడగాలి. సెల్‌ను నీటిలో వేలాడదీసి ముందూ తర్వాతా తూచితే తెలిసిపోతుంది, తగ్గిన ప్రతి గ్రాముకూ సుమారు 1 మిల్లీలీటరు వాయువు. సెల్‌ను నిండా చార్జ్ చేసి ఉంచారా అన్నది మాత్రం తప్పక అడగాలి. సగం చార్జ్‌లో వచ్చిన ఫలితం నిండు సెల్‌కు వర్తించదు.

ఇట్లు,
బ్యాటరీ రసాయనాలపై పనిచేసే పాఠకులు